పోస్టర్ల గోడ నుంచి పోలీసు స్టేషన్ దాకా

మా అత్తగారు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఏడాదే నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. నా పుట్టిల్లు పాయకరావుపేట, అత్తగారిల్లు అనకాపల్లి. పెళ్లైన కొత్తలో ఆవిడంటే నాకు ప్రేమకన్నా బెదురే ఎక్కువ. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కాకపోతే ఎవరితో మాట్లాడినా కళ్లలోకి చూస్తూ, జ్వరం ఎంతుందో అంచనా వేస్తున్నట్టుగా మాట్లాడేవారు. ఆ చూపు ముందు చిన్న అబద్ధం కూడా నోట్లోంచి వచ్చేది కాదు.

అనకాపల్లిలో నెహ్రూ చౌక్ దగ్గర ఒక డీటీపీ సెంటర్లో నాకు పని దొరికింది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, అర్జీలు టైపు చేసేదాన్ని. మా ఆయన మోటార్ల విడిభాగాల షాపులో సేల్స్ చూసేవారు. మా చర్చి స్త్రీల సమాజానికి అత్తగారు అధ్యక్షురాలు. శనివారం మధ్యాహ్నాలు పాతికమంది ఆడవాళ్లు చర్చి వరండాలో చాపల మీద కూర్చునేవారు. ఒక పాట, ప్రార్థన, నెలకోసారి ఆసుపత్రిలో రోగులకు పళ్లు పంచడం. అంతవరకే ఆ సమాజం పని. కెమెరా ఫోన్లు కొత్తగా చేతుల్లోకి వస్తున్న ఆ ఏడు మాత్రం మరో పని నెత్తిన పడింది.

ఆడపిల్లలు కాలేజీకి వెళ్లే దారిలో ఒక పొడవాటి ప్రహరీ గోడ ఉండేది. ఒక థియేటరు వాళ్లు ఉదయం ఆట పోస్టర్లు దాని మీద అంటించేవారు. ఆ ఆటకు వచ్చే సినిమాలు ఎలాంటివో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. రానురాను పోస్టర్లు పెద్దవయ్యాయి, వాటిలో మనుషుల ఒంటి మీద గుడ్డ తగ్గింది. పిల్లలు పుస్తకాలు గుండెలకు హత్తుకుని, తల వంచుకుని ఆ గోడ దాటేవారు. ఎదురుగా బడ్డీ దగ్గర నిలబడ్డ మగవాళ్లు పోస్టరునూ, పిల్లలనూ మార్చి మార్చి చూసేవారు. ఒక శనివారం ఒక తల్లి లేచి ఏడుస్తూ చెప్పింది. ఆ గోడ తప్పించుకోవడానికి తన కూతురు రోజూ ఊరంతా చుట్టి కాలేజీకి వెళ్తోందట.

"పేడనీళ్లు కొడదాం," అన్నారు మా సమాజం కార్యదర్శి. ఆవిడ హైస్కూలు టీచరు. చురుకైన మనిషి, మాట కరుకు. "నాలుగు బక్కెట్లు సాలు. ఒక్కరోజుతో ఆళ్ల తిక్క కుదురుతాది."

చాలామంది సరేనన్నారు. నాకూ లోలోపల ఉత్సాహంగానే ఉంది. అత్తగారు మాత్రం తల అడ్డంగా ఊపారు.

"పేడ ఎవరి మొకాన పడతాదమ్మా? థియేటరాయన మొకాన పడదు కదా. ఆ బొమ్మలో ఉన్న పిల్ల మొకాన పడతాది. ఆ పిల్లని కూడా ఒక తల్లే కనింది. ఎందుకొచ్చి అలా నిలబడిందో మనకేటి తెలుసు? ముందు అర్జీ ఇద్దాం."

అర్జీ నేనే టైపు చేశాను. మునిసిపల్ ఆఫీసులో తీసుకుని ముద్ర వేసి పంపేశారు. పోలీసు స్టేషన్లో అధికారి దాన్ని సగం చదివి నవ్వాడు. "సెన్సారు వాళ్లే పాస్ చేసేక మేం ఏం చేస్తామమ్మా? మీరు చూడకుండా వెళ్లిపోండి."

"మేం సూడకుండానే ఎల్తన్నాం బాబూ," అన్నారు అత్తగారు. "ఆ బడ్డీకాడోళ్లు మా పిల్లల్ని సూత్తన్నారు. దానికేటి సెయ్యమంటారు?"

ఆయన అర్జీ మడిచి ఫైళ్ల కింద పెట్టేశాడు.

మర్నాడు ఉదయం అత్తగారు టిఫిన్ చేసి, మాత్ర వేసుకుని, నల్ల గొడుగు తీసుకుని బయలుదేరారు. ఎక్కడికని అడిగితే, "గోడ కాడికి," అన్నారు. ఆవిడకు షుగరు. సాయంత్రానికి పాదాలు పొంగిపోయేవి. ఒక్కరినే పంపడం ఇష్టంలేక నేనూ వెళ్లాను. ఆవిడ పోస్టరుకు వీపు పెట్టి నిలబడి, గొడుగు విప్పి భుజం మీద వెనక్కి వాల్చారు. పోస్టరులో సగం ఆ గొడుగు వెనక దాగిపోయింది. నన్ను పక్కన నిలబడి చున్నీ పరిచి పట్టుకోమన్నారు. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. బడ్డీ దగ్గర ఎవరో ఈల వేశారు. ఆవిడ అటు చూడనైనా చూడలేదు. కాలేజీ పిల్లలు గుంపుగా వస్తుంటే, "గుడ్ మార్నింగమ్మా, బాగా సదూకోండి," అన్నారు, అంతే.

రెండో రోజు నలుగురు గొడుగులతో వచ్చారు. వారం తిరిగేసరికి గోడ పొడవునా గొడుగులే. కార్యదర్శి కూడా బడికి ఆలస్యమవుతున్నా అరగంట నిలబడి వెళ్లేవారు. చీడికాడ వైపు నుంచి బస్సులో కూరగాయలు తెచ్చి అమ్ముకునే ఒక పెద్దావిడ గంప నెత్తిన పెట్టుకుని వెళ్తూ మమ్మల్ని చూసి ఆగింది.

"ఏటమ్మా, ఎండలో ఇలాగ నిలబడ్డారు? బస్సు కోసమా?"

అత్తగారు గొడుగు కొంచెం పక్కకు జరిపి చూపించారు. ఆ పెద్దావిడ ఒక్క క్షణం చూసి, మొహం తిప్పుకుని, "ఓలమ్మో," అంది. తర్వాత గంప దించకుండానే వచ్చి నా పక్కన నిలబడింది. "మీరు కిరస్తానపోళ్లు, మేం కాదు. అయితే ఏటి? నా మనవరాలూ ఈ దారంటే ఎల్తాది," అంది. ఆ రోజు నుంచి రోజూ పావుగంట అలా నిలబడి వెళ్లేది.

పోస్టర్లు అంటించే మనిషి మైదా జిగురు బక్కెట్టు సైకిలుకు తగిలించుకుని వచ్చేవాడు. మొదట్లో బతిమాలాడు. "కాస్త పక్కకి తప్పుకోండమ్మా. నాను అంటించి ఎల్లిపోతాను. నాకిదే పని."

"నీ పని నువ్వు సేసుకో నాయనా. మేం అడ్డుకోం," అని అత్తగారు పక్కకు జరిగి, తన సీసాలోంచి మంచినీళ్లు ఇచ్చారు. అతను తాగి, పోస్టరు అంటించాడు. ఆవిడ మళ్లీ వచ్చి దాని ముందు నిలబడ్డారు. మూడో వారంలో ఒకరోజు అతను బక్కెట్టు దించలేదు. చుట్టిన పోస్టర్లు సైకిలు వెనకే ఉన్నాయి. "ఓనరుగారు ఈ గోడ వొద్దనేసేరమ్మా. వేరేకాడ ఎయ్యమన్నారు," అని చెప్పి, చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మేం చప్పట్లు కొట్టాం. కార్యదర్శి కళ్లు తుడుచుకున్నారు. గొడుగులు పట్టుకున్న పాతికమంది ఆడవాళ్లు, అందులోనూ సగంమంది ముసలివాళ్లు, ఒక్క రాయి విసరకుండా ఒక గోడను గెలుచుకున్నారన్న సంగతి నాకు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు.

గెలిచాక ఎవరికైనా ఊపు వస్తుంది. మాకూ వచ్చింది. ఊళ్లో సెల్ ఫోన్లలోకి పాటలు ఎక్కించే షాపులు అప్పుడప్పుడే పుడుతున్నాయి. కొన్నింటిలో పాటలతో పాటు చెత్త వీడియోలు కూడా ఎక్కిస్తారని, సీడీలు కూడా అమ్ముతారని విన్నాం. ఒక శనివారం పెద్ద ఊరేగింపు తీసి, అలాంటి సీడీలు పోగుచేసి చౌక్‌లో తగలబెట్టాలని తీర్మానించాం. కరపత్రం నేనే తయారు చేశాను. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రార్థన చేయడానికి ఒప్పుకున్నారు.

ఊరేగింపుకు రెండు రోజుల ముందు కార్యదర్శి మమ్మల్ని అర్జంటుగా చర్చికి పిలిచారు. ఆవిడ మొహం ఎర్రగా ఉంది.

"ఆ వీడియోల్లో ఒకటి మన సంఘంలో పిల్లదేనంట," అన్నారు.

ఆ అమ్మాయి ఎవరో అందరికీ వెంటనే అర్థమైంది. చర్చి వెనక వీధిలో టైలరింగ్ చేసే అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయి. క్వయర్‌లో, అంటే చర్చి పాటల బృందంలో పాడేది. తండ్రి లేడు, తల్లితో ఉండేది. ఒకతన్ని పెళ్లి చేసుకుంటుందని అనుకున్నారు, ఆ సంబంధం చెడింది. తనతో చనువుగా ఉన్నప్పుడు ఆ అమ్మాయికి తెలియకుండా అతను ఫోన్లో వీడియో తీశాడు. ఇప్పుడు అది ఊరు తిరుగుతోంది. వారం రోజులుగా ఆమె షాపు షట్టరు తీయలేదు, ఎందుకో మాకు అప్పటిదాకా తెలియదు.

"ఇలాటిదాన్ని క్వయర్లో ఉంచుకుని మనం ఊరేగింపు తీత్తే జనం నవ్వరా? ముందు పేరు తీసెయ్యాలి," అన్నారు కార్యదర్శి.

అత్తగారు మెల్లగా అడిగారు. "ఎవరు సూసేరు?"

"అందరూ అంటన్నారు."

"అనడం కాదమ్మా. సూసినోళ్లు ఎవరు? మనలో ఎవరికి ఎవరు సెప్పేరు?"

ఒకావిడ తల దించుకుని, "మా ఆయన ఫోన్లో ఉందమ్మా," అంది. ఇంకొకావిడ, "మా తమ్ముడు సెప్పేడు," అంది. అలా ఒక్కొక్కరి నోటి నుంచీ ఒక్కో మగవాడు బయటికొచ్చాడు. భర్త, తమ్ముడు, బావ. కార్యదర్శి మాత్రం తనకెవరు చెప్పారో చెప్పకుండా చాప అంచు సర్దడం మొదలుపెట్టారు.

"అయితే సీడీలు ఎవరింట్లోంచి పోగుసెయ్యాలో తెలిసింది కదా," అన్నారు అత్తగారు. లేచి, చెప్పులు వేసుకుని ఇంటికి నడిచారు. నేను వెనక పరిగెత్తాను.

మా ఆయన భోజనానికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ నిలబడే చేయి చాపారు. "ఒరే, నీ ఫోనియ్యి."

"ఎందుకమ్మా?"

"ఇయ్యి."

ఆయన ఇవ్వలేదు. ఇవ్వకపోవడంతోనే నాకు తెలిసిపోయింది. వడ్డిస్తున్న గరిట గిన్నెలో పెట్టేశాను. ఆయన కంచం వైపు చూస్తూ, "నేను అడగలేదమ్మా. షాపులో వాళ్లు పంపించేరు. చూసి... ఊరుకున్నాను," అన్నారు.

"తీసెయ్యలేదా?"

ఆయన కంచంలోనే చేయి కడిగేసుకున్నారు.

అత్తగారు కొడుకుని కొట్టలేదు, తిట్టలేదు. అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు. నేను ఎప్పుడూ చూడని ముసలితనం ఆ పూట ఆవిడ మొహంలో చూశాను. తర్వాత తల ఎత్తి, "ఎవరు పంపేరో, ఆళ్లకి ఏ షాపులో ఎక్కించేరో నీకు తెలుసా?" అని అడిగారు. తెలుసన్నారు ఆయన. "అయితే అది తియ్యకు. ఎవరికీ సూపించకు. నాతో వత్తావు, ఎక్కడికి పిలిత్తే అక్కడికి," అన్నారు. ఆయన తలూపారు. ఆ రోజు నేను ఆయనతో మాట్లాడలేదు. చాలా రోజులు మాట్లాడలేదు.

అదే సాయంత్రం నన్ను తోడు తీసుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లారు. తల్లి ఏడుస్తూ గది చూపించింది. లోపల గడియ. అన్నం తినడం లేదని, పిలిస్తే పలకడం లేదని చెప్పింది. అత్తగారు ఆ తలుపు ముందు నేల మీద చతికిలబడ్డారు. ఆ మోకాళ్లతో అలా కూర్చోవడం ఆవిడకు ఎంత కష్టమో నాకు తెలుసు.

"అమ్మా, నేను నర్సమ్మని. తలుపు తియ్యమని అడగను. ఒక మాట సెప్పి ఎల్లిపోతాను," అని మొదలుపెట్టారు. "నేను డ్యూటీలో ఉండగా మాడుగుల వైపు నుంచి ఒక పిల్లని తెచ్చేరు. పురుగుల మందు తాగింది. ఎవడో ఫొటో తీసేడని. అప్పుడు ఈ ఫోన్లు లేవు, కాగితం మీది ఫొటోలే. కడుపు కడుగుతూ నేనొక మాటన్నాను ఆ పిల్లని. నర్సుననుకున్నాను, పెద్దదాన్ననుకున్నాను, బుద్ధి సెప్తన్నాననుకున్నాను. ఆ పిల్ల నా మొకంలోకి ఒక్కసారి సూసి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు. మందే సంపిందని డాక్టరు రాసేరు. నేనన్న మాట ఎవరూ రాయలేదు."

ఆ మాట ఏమిటో ఆవిడ చెప్పలేదు. తర్వాత కూడా ఎన్నడూ చెప్పలేదు.

"నువ్వు తప్పు సెయ్యలేదని సెప్పడానికి నేను రాలేదు. నీ మీద తప్పు జరిగిందని సెప్పడానికి వచ్చేను. నిన్ను సూసినోళ్లలో నా కొడుకూ ఉన్నాడు. ఆణ్ణి నేనే పెంచేను. అందుకు నీ కాళ్లకాడ కూకున్నాను."

బజార్లో కూరగాయలవాడితో కూడా మర్యాదగా మాట్లాడే, ఎవరి ముందూ తల వంచని మా అత్తగారు, తన జీవితంలోని అతి పెద్ద తప్పును, తన ఇంటి అతి పెద్ద సిగ్గును ఒక మూసిన తలుపుకు చెప్పుకుంటున్నారు. గడియ తీసిన చప్పుడైంది. ఆ అమ్మాయి జుట్టు రేగి, కళ్లు వాచి ఉంది. ఆవిడ ఒడిలో తల పెట్టి పడుకుంది. కాసేపటికి అత్తగారు నాకు సైగ చేస్తే, లోపలికెళ్లి గంజి కాచి తెచ్చాను.

తాగాక ఆ అమ్మాయి అంది, "పోలీసులకి సెప్తాను పెద్దమ్మా. కానీ ఆ రోడ్డంతా ఎలా నడవను?"

"నేనుంటాను. శనివారం ఎల్దామా?"

శనివారం ఊరేగింపు రోజు. పొద్దున్న చర్చి దగ్గర చేరిన వాళ్లకు అత్తగారు సంగతి చెప్పారు. సీడీలు తగలబెట్టడం లేదనీ, బ్యానర్లు వద్దనీ, ఆ అమ్మాయి ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తోందనీ, రాగలిగినవాళ్లు వెనక నడవమనీ చెప్పారు. "పాటలొద్దు, నినాదాలొద్దు. ఉత్తినే నడుద్దాం." కొందరు గొణుక్కుంటూ ఇళ్లకు వెళ్లిపోయారు. అయ్యగారు బైబిలు చంకలో పెట్టుకుని వరస చివర్లో నిలబడ్డారు.

ఆ అమ్మాయి గంధం రంగు చీర కట్టుకుని వచ్చింది. తల నిండా కొంగు కప్పుకోబోతే అత్తగారు మెల్లగా చేయి అడ్డుపెట్టి, "నీ ఇష్టం. కావాలంటే కప్పుకో. అక్కర్లేదనుకుంటే వొదిలెయ్యి," అన్నారు. ఆమె కొంగు వదిలేసింది. అత్తగారు ఆమె కుడిచేయి పట్టుకున్నారు. ఎడమవైపు ఖాళీ. అప్పుడు కార్యదర్శి వరసలోంచి ముందుకొచ్చారు. క్వయర్లోంచి పేరు కొట్టేయాలన్న మనిషి. ఏమీ అనకుండా ఆ ఎడమచేయి తన చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ పెదవులు బిగుసుకుని ఉన్నాయి, కళ్లలోంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి.

బెల్లం మార్కెట్ మీదుగా నడిచాం. దిమ్మలు మోస్తున్న కూలీలు ఆగి చూశారు. రోడ్డుకు రెండువైపులా గుసగుసలు. ఒక షాపు మెట్ల మీద నిలబడ్డ ఒకతను ఫోను పైకెత్తాడు. అంతలో, "దించరా ఆ ఫోను!" అని ఒక కేక. చూస్తే చీడికాడ కూరగాయల పెద్దావిడ. గంప రోడ్డు మీద దించేసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "నీ ఇంట్లో ఆడోళ్లు లేరేట్రా? దించు!" అతను దించాడు. కూలీల్లో ఒక ముసలాయన తలపాగా విప్పి భుజాన వేసుకుని, మేం దాటేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఎవరూ చెప్పలేదు. మార్కెట్లో ఎప్పుడూ ఉండే అరుపులు ఆగిపోయి, మా చెప్పుల చప్పుడు మాకే వినిపించింది. చర్చిలో ఎన్నో ప్రార్థనలు విన్నాను. అంత నిండైన నిశ్శబ్దం నేనెక్కడా వినలేదు.

స్టేషన్లో అదే అధికారి. ఇంతమందిని చూసి లేచి నిలబడ్డాడు.

"ఈసారి అర్జీ కాదు బాబూ, ఫిర్యాదు," అన్నారు అత్తగారు.

మహిళా కానిస్టేబులు ఆ అమ్మాయిని లోపలి గదికి తీసుకెళ్లింది. మా వెనకే నడిచి వచ్చిన మా ఆయన ముందుకొచ్చి ఫోను బల్ల మీద పెట్టి, ఎవరు పంపారో, ఏ షాపులో ఎక్కించారో చెప్పడం మొదలుపెట్టారు. అధికారి కలం ఆపి, అత్తగారిని పక్కకు పిలిచాడు. నేను దగ్గర్లోనే ఉన్నాను కనుక విన్నాను.

"అమ్మా, మీ అబ్బాయి పేరు కూడా రాయాల్సి వస్తుంది. రేపు కోర్టుకి రావాలి. ఊరంతా తెలుస్తుంది. మీరు పెద్దవారు, ఒకసారి ఆలోచించుకోండి."

"ఆలోసించే తీసుకొచ్చేను. రాయండి," అన్నారు ఆవిడ.

ఆ అధికారి ఆవిడకు కుర్చీ తెప్పించి కూర్చోబెట్టి, మళ్లీ కలం తీసుకున్నాడు. మొదటిసారి అర్జీ చదివినప్పుడు నవ్విన మొహం అది కాదు.

ఆ షాపులో కంప్యూటరు పట్టుకెళ్లారు. వీడియో తీసినవాణ్ణి అరెస్టు చేశారు. బెయిలు మీద వచ్చాడు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. మా ఆయన పిలిచిన ప్రతిసారీ కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. చివరికి శిక్ష పడింది, కానీ మేం అనుకున్నంత కాదు. ఆ వీడియో ఊళ్లోంచి పూర్తిగా పోయిందని కూడా చెప్పలేను. అలాంటివి ఎక్కడెక్కడ మిగిలిపోతాయో ఎవరికి తెలుసు? మా సమాజంలో నలుగురు మానేశారు. కొత్తగా ఏడుగురు చేరారు. అందులో ఇద్దరు మా మతంవాళ్లు కారు.

నడిచి వచ్చిన ఆ రోజు నుంచి అత్తగారు పది రోజులు మంచం దిగలేదు. పాదాలకు కాపడం పెడుతూ, భయం వేయలేదా అని అడిగాను. "ఏసింది. నడుత్తన్నంతసేపూ ఏసింది. ఆ పిల్ల సెయ్యి నేను పట్టుకున్నాననుకున్నారు అందరూ. నా సెయ్యే ఆ పిల్ల పట్టుకుంది," అన్నారు.

నేను మా ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టడానికి చాలాకాలం పట్టింది. ఒకరోజు కోర్టు నుంచి వచ్చి వరండాలో చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని ఉంటే, మంచినీళ్లిచ్చాను. అక్కణ్ణుంచి మెల్లగా.

ఆ ఏడు క్రిస్మసుకు ముందు ఆ అమ్మాయి షాపు షట్టరు తీసింది. అత్తగారికీ నాకూ జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్లాం. మా ఆయన మమ్మల్ని దింపి, గుమ్మం బయటే రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. ఆ అమ్మాయి నా భుజం కొలత తీసుకుని, పుస్తకంలో రాసుకుని, టేపు మెడలో వేసుకుని బయటికి చూసింది.

"ఎండలో ఎందుకన్నయ్యా," అంది. "లోపలికి రండి."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.